35 మంది రైతులు, ఒక్క పూట శిక్షణ: 70 స్లైడ్లు పక్కన పెట్టి ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు కోనసీమలో వ్యవసాయ సహాయకురాలిగా చేరి ఏడాదైంది. వచ్చే వారం 35 మంది వరి రైతులకు దోమపోటు (వరి దుబ్బు మొదళ్ళలో చేరి రసం పీల్చే సుడిదోమ బెడద) మీద ఒక పూట శిక్షణ పెట్టాలి. పైనుంచి 70 స్లైడ్ల పీపీటీ వచ్చింది. పోయినసారి అలాంటి పీపీటీతోనే చెబితే సగం మంది ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు, టిఫిన్ అవగానే చాలామంది లేచి వెళ్ళిపోయారు. ఈసారి 'లెర్నర్ సెంటర్డ్‌గా (నేర్చుకునేవాళ్ళే కేంద్రంగా) ప్లాన్ చెయ్యండి' అన్నారు గానీ ఆ మాటకు అర్థమేంటో ఎవరూ విడమర్చి చెప్పలేదు. పైగా మీకు 24 ఏళ్ళు, ఎదురుగా కూర్చునేవాళ్ళలో 60 దాటినవాళ్ళు ఉన్నారు. అదీ మీ టెన్షన్.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ప్లాను స్లైడ్ల దగ్గర మొదలుపెట్టకండి. ఆ పూట అయ్యాక రైతు తన చేలోకి దిగి, పక్కన మీరు లేకుండా, ఏ పని చెయ్యగలగాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆ పని ఇంటికెళ్ళేలోపు మీ కళ్ళముందే, వాళ్ళ చేతులతోనే చేయించండి. మిగతాది ఏదైనా సరే, ఆ వాక్యానికి పనికొస్తే ఉంచండి, పనికిరాకపోతే తీసెయ్యండి. మూడు గంటల్లో మీరు మాట్లాడేది మొత్తం కలిపి 40 నిమిషాలు దాటకూడదు. వీలుంటే హాలుకి వెళ్ళకముందే గట్టు మీద మొదలుపెట్టండి.

నేను ఈ పనిలో ఉండి పాతికేళ్ళు దాటింది. ఆచంట, పెనుగొండ, రాజోలు, మలికిపురం వైపు వరి రైతులకు, తర్వాత భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద పనివాళ్ళకు, నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళకు శిక్షణలు పెట్టాను. కింద చెప్పేవన్నీ అక్కడ పడి లేచి నేర్చుకున్నవే.

ఆ ఒక్క వాక్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ సెషన్లు అక్కడే దెబ్బతింటాయి. మన కాగితాల మీద ఎప్పుడూ 'రైతులకు దోమపోటు నివారణపై అవగాహన కల్పించుట' అని ఉంటుంది. అవగాహన వచ్చిందో లేదో ఎలా చూస్తారు? తల ఊపితే వచ్చినట్టా? మీ సెషన్‌కి నేనైతే ఇలా రాసుకుంటాను: 'రైతు తన చేలో అడ్డంగా నడిచి పది దుబ్బులు తట్టి, నీళ్ళ మీద పడిన దోమల్ని లెక్కపెట్టి, దోమని తినే సాలీళ్ళని, మిరిడ్ నల్లుల్ని వేరుగా గుర్తుపట్టి, మందు కొట్టాలో వద్దో కారణంతో సహా చెప్పగలగాలి.' ఇందులో ప్రతి ముక్కా కంటికి కనిపించే పనే. వాళ్ళు చేస్తుంటే మీరు నిలబడి చూడొచ్చు, తప్పు చేస్తే అక్కడే సరిచెయ్యొచ్చు. ఈ వాక్యం రాసుకోగానే మీ 70 స్లైడ్లలో ఎన్ని మిగులుతాయో చూడండి. దోమ జీవితచక్రం మీద తొమ్మిది స్లైడ్లు ఉంటే ఒకటి చాలు. దాని శాస్త్రీయ నామం అక్కర్లేదు. మందుల పేర్ల పట్టిక కాగితం మీద అచ్చేసి చేతికివ్వండి.

రెండో పని, శిక్షణకు నాలుగు రోజుల ముందే ఊళ్ళోకి వెళ్ళండి. టీకొట్టు దగ్గర, కాలవ గట్టు మీద పది మందితో మాట్లాడండి. మూడే ప్రశ్నలు అడగండి. పోయిన సార్వాలో (ఖరీఫ్‌లో) దోమ తగిలినప్పుడు మీరేం చేశారు? మందు కొట్టాలని ఎవరు నిర్ణయించారు? కొట్టింది ఎవరు? ఈ మూడింటికీ వచ్చే జవాబుల మీదే మీ ప్లానంతా నిలబడుతుంది.

ఈ మాట నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఒక సార్వా ముందు ఆచంట వైపు ఒక ఊళ్ళో కాలిబాటల మీద శిక్షణ పెట్టాను. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదిలి ఊడిస్తే దుబ్బుల మొదళ్ళకు గాలి, వెలుతురు తగిలి దోమ ఉధృతి తగ్గుతుందని మీకు తెలుసు. బొమ్మలు గీసి చూపించాను. నలభై మంది రైతులు శ్రద్ధగా విన్నారు, 'ఆయ్, అలాగేనండి' అన్నారు. ఊడ్పులు అయ్యాక ఊరంతా తిరిగితే బాటలు రెండే రెండు చేలల్లో కనపడ్డాయి. ఒక రైతుని అడిగాను. ఆయన నన్ను నొప్పించకుండా చెప్పాలని కాసేపు ఆగి, 'మేస్త్రి ఒప్పుకోలేదండి మాస్టారు. ఎకరానికింతని మాట్లాడుకున్నాం కదా, తాడు పట్టుకుని ఊడిస్తే పూట ఆలస్యమవుద్దంటది' అన్నాడు.

అప్పుడు అర్థమైంది. రైతుకి విషయం తెలుసు. ఆ పని చేసేది మాత్రం ఊడ్పుల ముఠా. ఆ ముఠా మేస్త్రి నా హాల్లో లేదు, ఆమెని పిలవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. తర్వాతి ఏడాది ఆరుగురు మేస్త్రులను పిలిచాను. పొద్దున్న వాళ్ళకి పని ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికి, దమ్ము చేసిన ఒక మడి దగ్గర పెట్టాను. రెండు తాళ్ళు, కొన్ని ఆకు కట్టలు ఇచ్చి, 'బాట వదలాలి, ఆలస్యం కాకూడదు, ఎలా చేస్తారో మీరే చూపించండమ్మా' అన్నాను. అంతే, తర్వాత గంటసేపు నాకు పనే లేకుండా పోయింది. వాళ్ళే వాదించుకున్నారు. చివరికి గట్టు రెండు వైపులా ముందే పుల్లలు పాతి, ఒక మనిషి తాడు మాత్రమే జరుపుతూ పోవాలని తేల్చారు. దానికి ఎకరానికి ఒక కూలి ఎక్కువవుతుందని లెక్క కూడా వాళ్ళే కట్టారు. ఆ లెక్క పట్టుకుని రైతుల దగ్గరికి వెళ్ళి మాట్లాడితే ఆ ఏడాది బాటలున్న చేలు వేళ్ళమీద లెక్కపెట్టేవి కావు.

అందుకే మీ 35 మంది జాబితా ఎవరు తయారు చేశారో చూసుకోండి. పాసుపుస్తకాల జాబితా నుంచి తీస్తే అందులో కామందులు (భూమి యజమానులు) ఉంటారు. మన డెల్టాలో చేను చేసేది చాలాచోట్ల మక్తాకి (కౌలుకి) తీసుకున్నవాళ్ళు. మందు కొట్టేది ఇంకొకరు, తైవాన్ స్ప్రేయర్ భుజాన వేసుకుని రోజుకూలికి తిరిగే కుర్రాళ్ళు. ఆ కుర్రాళ్ళని ఓ నలుగురినైనా పిలవండి. దోమ విషయంలో సగం పని వాళ్ళ చేతిలోనే ఉంది.

ఇక ఆ రోజు ఎలా నడపాలి? నేను చేసే పద్ధతి చెబుతాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

పొద్దున్న ఏడింటికి చేను గట్టు మీదే కలవమనండి. ఎండ ముదరకముందే చేలో పని అయిపోవాలి. చేను ముందే చూసి పెట్టుకోండి. దోమ ఎంతో కొంత ఉన్న చేను కావాలి, ఆ రైతు ఇష్టంగా ఒప్పుకోవాలి. ఆ చేలో ముందు పది రోజుల్లో మందు కొట్టకుండా ఉంటే ఇంకా మంచిది. స్వాగతం, పరిచయాలు, లక్ష్యాలు అని అరగంట తినెయ్యకండి. 'ఈ చేలో దోమ ఉందా లేదా? ఉందనుకునేవాళ్ళు ఇటు, లేదనుకునేవాళ్ళు అటు నిలబడండి' అని అడగండి. ముందే ఒక మాట మీద నిలబడితే ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలని మనిషికి ఉంటుంది. ఆ ఆసక్తి ఏ స్లైడుతోనూ రాదు.

తర్వాత ఐదుగురు చొప్పున ఏడు జట్లు. ప్రతి జట్టూ చేనుకి అడ్డంగా నడుస్తూ పది దుబ్బులు చూడాలి. ఎలా తట్టాలో ముందు మీరు చేసి చూపించండి. చెప్పి ఊరుకోవద్దు. దుబ్బుని ఒక చేత్తో కొద్దిగా వంచి, రెండో అరచేత్తో మొదలు మీద రెండు దెబ్బలు వేస్తే దోమలు నీళ్ళ మీద పడతాయి. పడిన కాసేపటికే మళ్ళీ పాకి దుబ్బెక్కేస్తాయి, కాబట్టి లెక్కపెట్టే మనిషి వంగి సిద్ధంగా ఉండాలి. ఒకరు తట్టడం, ఒకరు లెక్క, ఒకరు రాయడం. చదువు రానివాళ్ళు గింజలతో లెక్కపెడతారు, ఒక దోమకి ఒక గింజ. పెద్దాయన ఒకరు జేబు నిండా గింజలు తెచ్చి నా ముందు గుమ్మరించి, 'ఇయ్యన్నీ తొమ్మిది దుబ్బులవేనండి, పదో దుబ్బు తట్టడానికి భయమేసింది' అన్నారు. ఆయన చేను ఆ పక్కదే. పొద్దున 'లేదు' అన్నవాళ్ళ వైపు నిలబడిన మనిషి.

35 మందిని మీరొక్కరే చూసుకోలేరు. ముందు రోజు సాయంత్రం ముగ్గురు నలుగురు చురుకైన రైతుల్ని అదే చేలోకి తీసుకెళ్ళి వాళ్ళ చేత ఒకసారి చేయించండి. మర్నాడు జట్లకి వాళ్ళే పెద్దలు. మీ వయసు గురించిన ఇబ్బంది కూడా దీంతో సగం తగ్గుతుంది. తోటి రైతు చూపిస్తుంటే మేడం గారు చిన్నదా పెద్దదా అన్న ఆలోచన ఎవరికీ రాదు.

టిఫిన్ చేలో పని అయ్యాకే పెట్టండి. హాలుకి వచ్చి తిని, ఆ వెంటనే జట్లుగా కూర్చుని చార్టు గీస్తారు. మధ్యలో దుబ్బు బొమ్మ, ఎడమ వైపు దోమ లాంటి శత్రువులు, కుడి వైపు సాలీళ్ళు, మిరిడ్ నల్లులు, అక్షింతల పురుగులు లాంటి మిత్రులు, ఒక్కోదాని పక్కన సగటు సంఖ్య. కింద ఒక్క గీత మీద నిర్ణయం: మందు కొట్టాలా, ఆగాలా, నీళ్ళు తీసి చేను ఆరబెట్టాలా. ప్రతి జట్టూ వచ్చి చెప్పాలి, మిగతావాళ్ళు ప్రశ్నలు అడగాలి. ఒకే చేను చూసి రెండు జట్లు వేరు వేరు నిర్ణయాలతో వస్తే కంగారు పడకండి. ఆ సెషన్లో అంతకన్నా విలువైన ఘడియ ఉండదు. 'మీరు అలా ఎందుకన్నారు?' అని ఆ జట్టుని, ఈ జట్టుని అడుగుతూ నిలబడండి. మీ జవాబు అప్పుడే బయటపెట్టకండి.

ఇక్కడ ఎక్కువగా వచ్చే పొరపాటు మిరిడ్ నల్లి. అది పచ్చగా, సన్నగా ఉంటుంది. చాలామంది దాన్ని పచ్చదీపపు పురుగు అనుకుని శత్రువుల వైపు రాసేస్తారు. అది దోమ గుడ్లని తింటుందని తెలిసినప్పుడు వాళ్ళ ముఖాలు చూడండి. 'దీన్నా మేము ఇన్నాళ్ళూ చంపింది' అంటారు. అలాంటిచోట మీరు అడుగు ముందుకేసి చెప్పాలి.

మీ పదిహేను నిమిషాల వంతు ఇప్పుడు వస్తుంది, లెక్కలూ వాదనలూ అయ్యాక. దోమ ఎందుకు దుబ్బు మొదట్లోనే ఉంటుంది, చేను సుడులు సుడులుగా ఎందుకు ఎండుతుంది, యూరియా ఎక్కువేస్తే ఎందుకు పెరుగుతుంది, సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొడితే మిత్రపురుగులు పోయి దోమ ఎందుకు మళ్ళీ రెట్టింపై వస్తుంది. ఇవే విషయాలు పొద్దున ఏడింటికి చెబితే ఎవరి చెవికీ ఎక్కవు. ఇప్పుడు మాత్రం ఒక్కో మాటకీ వాళ్ళ దగ్గర తగిలించుకునే కొక్కెం ఉంది, ఎందుకంటే ఇందాకే వాళ్ళ వేళ్ళ కిందే ఆ దోమ పాకింది.

చివర్లో ఒక పని తప్పకుండా చెయ్యండి, బట్టల నీలం ప్రయోగం. తెల్ల కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పు ముక్కలుగా కత్తిరించి, దుబ్బు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి స్టాప్లర్‌తో కట్టండి. ట్యాంకులో నీళ్ళు పోసి బట్టల నీలం కలపండి. మందు లేదు కాబట్టి ఎవరికీ ప్రమాదం లేదు. స్ప్రే కొట్టే కుర్రాడిని పిలిచి, 'నువ్వు రోజూ ఎలా కొడతావో అలాగే కొట్టు బాబూ' అనండి. కొట్టాక కాగితాలు విప్పి చూపించండి. పైది మొత్తం నీలం. మధ్యది మచ్చలు మచ్చలు. మొదట్లోది దాదాపు తెల్లగా ఉంటుంది. మలికిపురం దగ్గర ఒక కుర్రాడు ఆ మొదట్లోని కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తనే అడిగి, దుబ్బుల్ని పాయలుగా విడదీయించి, నాజిల్ కిందకి వంచి మళ్ళీ కొట్టాడు. ఈసారి మొదట్లో కాగితం నీలంగా వచ్చింది. నేను 'పిచికారీ మొదళ్ళకు తగలాలి' అని పదేళ్ళు చెప్పినదానికన్నా ఆ రెండు కాగితాలు ఎక్కువ పని చేశాయి.

ఇదంతా నా సొంత పద్ధతి అనుకోకండి. దీని మూలం కూడా ఈ దోమే. ఇండోనేషియాలో మందులు విపరీతంగా కొట్టడం వల్ల దోమ ఇంకా పెరిగి వరి పోతుంటే, 1986లో అక్కడి ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. మందు ఆపమంటే సరిపోదు, చేను చూసి నిర్ణయించుకోవడం రైతుకి రావాలి కదా. అందుకని 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో అక్కడ రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. సీజనంతా వారానికోసారి చేలోనే బడి. మన పొలంబడి ఆ దారిలోనే వచ్చింది. మీరు చేసేది ఒక్క పూటే కాబట్టి దాన్ని పొలంబడిలో ఒక వారం అనుకుని ప్లాన్ చెయ్యండి. సీజను మొత్తం సరుకు ఒక పూటలో కుక్కితే ఏదీ మిగలదు.

చదువుల్లో దీనికి పేర్లున్నాయి. పెద్దవాళ్ళు పిల్లల్లా నేర్చుకోరని, తమ అనుభవానికి ముడిపడినదీ, వెంటనే అక్కరకొచ్చేదీ అయితేనే పట్టించుకుంటారని అమెరికా విద్యావేత్త మాల్కం నోల్స్ చెప్పాడు. డేవిడ్ కోల్బ్ 1984లో రాసిన పుస్తకంలో ఒక చక్రం ఉంది: చెయ్యడం, చేసింది తిరిగి చూసుకోవడం, అందులో సూత్రం పట్టుకోవడం, దాన్ని మళ్ళీ చేసి చూడటం. పైన చెప్పిన వరుస చూడండి. తట్టడం, చార్టు, మీ మాట, నీలం నీళ్ళు. అదే చక్రం.

ఒకటి మాత్రం మీ పీపీటీలో ఉంటే తీసెయ్యండి. 'చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుంది' అని ఒక పిరమిడ్ బొమ్మ శిక్షకుల శిక్షణల్లో అందరూ చూపిస్తారు. ఎడ్గార్ డేల్ అనే ఆయన 1946లో వేసిన 'అనుభవ శంకువు' బొమ్మలో ఆ శాతాలు లేవు. ఎవరో తర్వాత అతికించారు. చేతులతో చేస్తే బాగా వస్తుందన్నది మన చేలల్లో కనిపిస్తూనే ఉంది, దానికి లేని అంకెలు తగిలించక్కర్లేదు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు, ఎందుకంటే ఈ పద్ధతిని తప్పుగా అర్థం చేసుకుని చేతులెత్తేసినవాళ్ళనీ చూశాను.

అన్నీ చర్చకు పెట్టకూడదు. మందు మోతాదు, కలిపేటప్పుడు చేతికి గ్లౌజులు, గాలి వాలు, కొట్టాక ఎన్ని రోజులకు కొయ్యాలి, ఇలాంటివి 'మీరేమంటారు?' అని అడిగేవి కావు. సూటిగా చెప్పండి, చేసి చూపించండి, తిరిగి చెప్పించుకోండి. దుబ్బుకి ఎన్ని దోమలుంటే మందు ఆలోచించాలో ఆ సంఖ్య కూడా అంతే. పంట దశని బట్టి అది మారుతుంది కాబట్టి మారుటేరు పరిశోధన స్థానం సిఫార్సు ముందే తెచ్చుకుని, మీ ఊళ్ళో చేలు ఇప్పుడు ఏ దశలో ఉన్నాయో ఆ దశ సంఖ్య ఒక్కటే చార్టు మీద పెద్దగా రాసి గోడకి అంటించండి. అలాగే ఒక పని అసలు ఎప్పుడూ చెయ్యని మనిషికి ముందు చూపించాలి, తర్వాతే కనుక్కోమనాలి. లెర్నర్ సెంటర్డ్ అంటే శిక్షకుడు పక్కకి తప్పుకోవడమని కొందరు అనుకుంటారు. నా లెక్కలో శిక్షకుడికి దీంట్లో పని ఎక్కువ, ఆ పని చాలావరకు ముందు రోజుల్లోనే అయిపోతుంది.

ఆటల కోసం ఆటలు పెట్టకండి. బెలూన్లు ఊదించడం, చప్పట్ల వరుసలు లాంటివి 60 ఏళ్ళ రైతుకి చిన్నతనంగా ఉంటాయి. ఆయన పైకి అనడు, మళ్ళీసారి రాడు.

చోటు, వేళ వాళ్ళ పనిని బట్టి ఉండాలి. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళకి నీళ్ళలో ఆక్సిజన్ గురించి శిక్షణ ఒకసారి ఏసీ హాల్లో, పదకొండింటికి పెట్టారు. రాత్రంతా ఏరేటర్ల (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాల) దగ్గర కాపలా ఉన్న మనుషులు, చల్లటి హాల్లో ఏం చేస్తారు? నిద్రపోయారు. తర్వాతిసారి నేను తెల్లవారుజామున నాలుగింటికి చెరువు గట్టు మీదకే పిలిచాను. ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే. ఒక్కొక్కరి చేతికీ కిట్ ఇచ్చి, వాళ్ళ చెరువు నీళ్ళే వాళ్ళ చేత పరీక్ష చేయించాను. నలభై నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ ఆవులించలేదు.

వాళ్ళ సొంత సరుకుతోనే నేర్పడం ఇంకో మాట. లేసు అల్లే ఆడవాళ్ళకి ధర కట్టడం గురించి చెప్పమన్నారు. లెక్కల పుస్తకం తెరిచి ఉంటే వాళ్ళు భయపడేవాళ్ళు. అల్లుతున్న ముక్క ఎవరిది వాళ్ళు తెచ్చుకోమన్నాను. గోడ గడియారం చూస్తూ ఒక్క పువ్వు అల్లడానికి ఎన్ని నిమిషాలో రాసుకోమన్నాను. ఆ ముక్కలో ఎన్ని పువ్వులు, మొత్తం ఎన్ని గంటలు, చేతికి వచ్చేది ఎంత, గంటకి ఎంత పడింది. ఆ చివరి అంకె వేసుకున్నాక గది నిశ్శబ్దమైపోయింది. దానిమీద నేనేమీ వ్యాఖ్యానించలేదు, అవసరం రాలేదు. 'అయితే ఈ డిజైను ఇక ఈ రేటుకి ఒప్పుకోకూడదు' అని ఒకావిడ అంది, అక్కడినుంచి మాట వాళ్ళదే.

మీ వయసు విషయం. దాన్ని దాచడానికి గొంతు పెంచడం, ఇంగ్లీషు మాటలు ఎక్కువ వాడటం చెయ్యకండి. 'బాబాయి గారూ, మీరు దోమని మొదటిసారి ఎప్పుడు చూశారు? అప్పుడేం చేసేవారు?' అని అడగండి. స్వర్ణ వరి రకం మారుటేరు నుంచి 1982లో వచ్చింది. ఆ రకంతోనే జీవితం గడిపినవాళ్ళు మీ ముందు ఉంటారు. ఏ ఏడు ఏ తూము కింద చేలు ఎండిపోయాయో వాళ్ళకి గుర్తుంటుంది. అది మీ సెషన్‌కి సరుకు. తెలియని ప్రశ్న వస్తే చార్టు మీద ఒక మూల రాసి, 'ఇది మారుటేరు వాళ్ళని అడిగి శుక్రవారంలోగా చెబుతానండి' అనండి. శుక్రవారంలోగా చెప్పండి. ఒక్కసారి అలా మాట నిలబెట్టుకుంటే తర్వాత ఎవరూ మీ వయసు అడగరు.

వానొస్తే? సార్వాలో పొట్ట దశకు వచ్చేసరికి వాయుగుండాల కాలం. కాబట్టి రెండో ప్లాను ముందే ఉండాలి. ముందు రోజు దోమ ఉన్న చేలోంచి ఏడెనిమిది దుబ్బులు మట్టితో సహా పెకలించి బకెట్లలో పెట్టి, పైన దోమతెర కట్టి హాలుకి తెప్పించండి. బకెట్లో నీళ్ళు పోసి అక్కడే తట్టించొచ్చు. ఇంకో రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసుల్లో పిలకలు పెట్టి దోమలు వదిలి, ఒకదాంట్లో మాత్రం తోడేలు సాలీడు వెయ్యండి. రోజుకి 5 నుంచి 15 పురుగుల దాకా తినే జీవి అది. మూడు గంటల్లో తేడా కనపడకపోవచ్చు. గ్లాసు ఒక రైతు ఇంటికి ఇచ్చి, మర్నాడు మిగిలినవి లెక్కపెట్టి ఫోన్ చెయ్యమనండి.

అధికారుల సంగతి. పైనుంచి వచ్చిన పీపీటీ వాడలేదని మాటొస్తుందేమోనని అడిగారు. నాలుగు స్లైడ్లు వాడండి: దోమ దగ్గర నుంచి తీసిన ఫొటో, సుడులు పడిన చేను, మిత్రపురుగులు, నాజిల్ పట్టుకునే తీరు. రిపోర్టులో ఏడు చార్టుల ఫొటోలు పెట్టండి, ఒక్కో చార్టు మీద రైతులు వేసిన అంకెలు, నిర్ణయం ఉంటాయి. స్క్రీన్ ముందు జనం కూర్చున్న ఫొటో కన్నా దానికి ఎక్కువ విలువ ఇచ్చిన అధికారుల్నే నేను చూశాను. మీ పై అధికారికి ముందు రోజే ఫోన్ చేసి ప్లాను చెప్పి ఉంచడం మంచిది, వీలైతే గట్టు మీదకే రమ్మనండి.

సెషన్ అయిపోయిన వారానికి మళ్ళీ వెళ్ళండి. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసి చూపించాడు. మళ్ళీ మళ్ళీ తలుచుకుంటేనే నిలుస్తుంది. ఐదుగురి చేలకి వెళ్ళి, 'మొన్న చూసినట్టు ఒకసారి చూద్దామా అండి' అని పక్కన నిలబడండి. తట్టడం గుర్తుందా, మిరిడ్ నల్లిని పోల్చుకున్నారా, నిర్ణయానికి కారణం చెప్పగలిగారా. ఐదుగురిలో ముగ్గురు తడబడ్డారంటే తప్పు వాళ్ళది కాదు, మీ ప్లానులో ఆ ముక్కకి ఇచ్చిన టైం చాలలేదని అర్థం. వచ్చేసారి అక్కడ ఇంకో ఇరవై నిమిషాలు కలపండి, వేరే ఏదైనా తీసెయ్యండి.

ఆ రోజు సంచిలో ఏం పెట్టుకోవాలంటే: చార్టులు ఓ పద్నాలుగు (సగం పాడవుతాయి), స్కెచ్ పెన్నులు ఏడు సెట్లు, తెల్ల కాగితం ముక్కలు, స్టాప్లర్, బట్టల నీలం, ప్లాస్టిక్ గ్లాసులు, దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండ్లు, భూతద్దాలు రెండు మూడు. మైకు వద్దు, గట్టు మీద దాంతో పని లేదు. మీరు కూడా చేలోకి దిగడానికి వీలైన బట్టలు వేసుకోండి, తట్టి చూపించేది ముందు మీరే కదా. చార్టుల ఫొటోలు ఇక్కడ పెట్టండి. జట్లు వేసిన లెక్కల్లో ఎక్కడైనా తేడా కనపడితే చూసి చెబుతాను.